బూడిదరంగు ఫ్యాను తిరిగే రోజు

మా ఆయన ఇంట్లో మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక జేబురుమాల్లో మూటకట్టవచ్చు. ఏమడిగినా "ఊఁ" అనేవారు. వడ్డించనా అంటే ఊఁ. చొక్కా గుండీ ఊడింది, కుట్టనా అంటే ఊఁ. అమ్మాయికి జ్వరం తగ్గిందంటే ఊఁ, తగ్గలేదంటే ఇంకాస్త పొడుగ్గా ఊఁ. పెళ్ళయిన కొత్తలో ఏడుపొచ్చేది. పోనుపోను ఏ ఊఁకి ఏమిటి అర్థమో పట్టుబడింది. ఆకలి ఊఁ వేరు, విసుగు ఊఁ వేరు, నువ్వు చెప్పింది నేను వినలేదు అనే ఊఁ వేరు.

తప్పు ఆయనది కాదు, పని అలాంటిది. ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగ్ సెక్షన్. మెషీన్లు నడుస్తుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. అరచెయ్యి అడ్డంగా పెడితే ఆపమని. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పితే నడుస్తోంది, ఫరవాలేదు అని. ఆ సైగలు ఇంటికీ వచ్చేశాయి. ఇంకొంచెం కూర వెయ్యనా అంటే అరచెయ్యి అడ్డం పెట్టేవారు. మా ఆడపడుచు అది చూసి, "మా అన్నయ్యకి నోరుంది వదినా, ప్రెస్సులో తాకట్టు పెట్టాడంతే. ఎప్పటికైనా విడిపించుకుంటాళ్ళే" అనేది.

విడిపించుకున్నారు. అయితే నాకోసం కాదు, ఫ్యాన్లకోసం.

ఆ ఏడాది ప్రెస్సులో కొత్త మెషీన్లు దించారు. చల్లగా ఉంటే తప్ప అవి ఒళ్ళు వంచవట. హాలంతా ఏసీ పెట్టి, పాత ఫ్యాన్లన్నీ పీకి వెనకషెడ్డులో పడేశారు. పాత సామాన్లవాడు వాటిని తూకం వేసి బండికెత్తుతుంటే ఈయన అందులోంచి ఒకదాన్ని వెనక్కి లాక్కుని, దాని తూకం డబ్బులు వాడి చేతిలో పెట్టి, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చారు. బూడిదరంగు టేబుల్ ఫ్యాను. ముందు జాలీ ఒకపక్క సొట్టపోయి ఉంది. రెక్కలనిండా కాగితపు నూగు దూదిలా పేరుకుని ఉంది.

"ఎందుకండీ ఇది?" అన్నాను.

"నా బల్లపక్కనే తిరిగేది" అన్నారు.

వివరణ మొత్తం అంతే. ఆడపడుచు వచ్చి చూసి, "ఇంట్లో ఒక మూగవాడు చాలడనా అన్నయ్యా, జత కూడా తెచ్చావు" అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

వంటింటిని ఆనుకుని ఒక చిన్నగది ఉంది మాకు. ఇస్త్రీబల్ల, నా కుట్టుమిషను అందులోనే. ఆ ఇస్త్రీబల్లమీద ఫ్యాను పొట్ట విప్పి పెట్టుకుని, సెలవు వస్తే చాలు దానిముందు కూర్చునేవారు. చాన్నాళ్ళు పట్టింది. దానివల్ల మా బట్టలన్నీ అన్నాళ్ళూ నలిగే ఉన్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వంట చేస్తుంటే ఆ గదిలోంచి సన్నగా, తేనెటీగ గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు మొదలైంది. వెళ్ళి చూస్తే ఫ్యాను తిరుగుతోంది, ఈయన దానిముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి అమ్మాయి పాతఫోను అడిగి పుచ్చుకుని, ఆ చప్పుడు రికార్డు చేశారు.

అమ్మాయి అప్పటికి కళ్ళద్దాల షాపులో కొత్తగా చేరింది. కంప్యూటరు నేర్చుకుంది. సరదాకి ఆ చప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టింది. తెల్లారేసరికి ఎవరెవరో జవాబులు. గ్రీజు ఏది వాడారని ఒకరు, మా తాతగారి ఫ్యాను చప్పుడు కూడా వింటారా అని ఒకరు. ఫ్యాన్లంటే పడిచచ్చేవాళ్ళు లోకంలో ఇంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

"నాన్నా, వీళ్ళందరికీ కలిపి ఒక సైటు పెట్టేద్దామా?" అంది అమ్మాయి.

"ఊఁ" అన్నారు. అది ఏ ఊఁయో నాకు చప్పున అంతుబట్టలేదు. అంత సంతోషపు ఊఁ అంతకుముందు వినలేదు మరి.

దానికి 'ఫ్యాన్ల గూడు' అని పేరు పెట్టారు. ఫొటోలు ఎవరైనా పెడతారు, ఈ గూట్లో చప్పుడు పెట్టాలి. ముందు మనిషి తన గొంతుతో ఆ ఫ్యాను ఎవరిదో, ఎక్కడ దొరికిందో, దానికి ఏ జబ్బు చేసిందో, ఏ మందు వేశారో చెప్పాలి. ఆ తర్వాత స్విచ్ వెయ్యాలి. చివర స్విచ్ తీశాక రెక్క పూర్తిగా నిలబడేదాకా రికార్డు ఆపకూడదు. రెక్క ఎంతసేపు నెమ్మదిగా తిరిగి ఆగితే లోపల బేరింగు అంత బాగున్నట్టు. వాళ్ళకి అది నాడి పట్టుకుని చూడడంలాంటిది.

ఇంకో నియమం కూడా చేరింది, నావల్ల. రికార్డు చేసేటప్పుడు తలుపు మూసుకోవాలని. మొదటి ఫ్యానప్పుడు వంటింటి చప్పుళ్ళు కూడా పడ్డాయట. ఆ తర్వాత ఆయన తలుపు దగ్గరకి వచ్చి నావైపు అరచెయ్యి అడ్డంగా పెట్టేవారు. నేను చేతిలో గిన్నె ఎక్కడుంటే అక్కడే పట్టుకుని నిలబడేదాన్ని. ఆయన తలుపు మూసుకునేవారు. లోపల ఏదో మాట్లాడుతున్నట్టు గొణుగుడు వినిపించేది, మాటలు తెలిసేవి కావు.

గూడు పెరిగింది. అక్కడ ఎవరికీ అసలుపేర్లు లేవు. ఎప్పుడూ కీచుమనే ఫ్యాన్లే దొరికే ఒకాయన 'కుయ్యో'. మొదట చేరింది ఒక రిటైరయిన డ్రాయింగు మాస్టారు. ఆయన్ని మాత్రం అందరూ మాస్టారనే పిలిచేవారు. బస్సులో రెండుగంటల దూరంలో ఉండే ఊరు ఆయనది. ఆయనా మా ఆయనా కలిసి గూటి పెద్దలు. బాగుచెయ్యడం చేతకానివాళ్ళు చచ్చిపోయిన ఫ్యాన్లని పార్సిలు చేసి మా ఇంటికి పంపించేవారు. ఈయన ప్రాణం పోసి, చప్పుడు రికార్డు చేసి, మళ్ళీ మూటకట్టి పంపేవారు. మా వసారా ఫ్యాన్ల ఆసుపత్రి అయింది.

ఇంతలో అద్దె సంగతి వచ్చింది. సైటుకి కూడా ఇంటికిలాగే అద్దె ఉంటుందని, వచ్చి వినేవాళ్ళు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుందని అమ్మాయి చెప్పింది. మొదట్లో ఈయన జేబులోంచి పోయేది. ఆ తర్వాత జేబు చాల్లేదు.

ప్రకటనలు పెడదామని ఎవరో సలహా ఇచ్చారు. పెట్టారు. ఏ ప్రకటనలు పడ్డాయంటే, ఏసీలవి. పేజీ తెరిస్తే పైన ఏసీ, పక్కన ఏసీ, కింద సులభ వాయిదాలమీద ఏసీ. ఏసీలు వచ్చి తుక్కులో పడేసిన ఫ్యాన్లని ఏరుకున్నవాళ్ళ ఇంట్లో ఏసీ బేరం. కుయ్యో అయితే, "మొదటి పెళ్ళాం వ్రతానికి రెండో పెళ్ళాం పీటలమీద కూర్చున్నట్టుంది" అని రాశాడట. అమ్మాయి చదివి వినిపిస్తే ఈయన కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ వారంలోనే ప్రకటనలు పీకేశారు. సరే, చేరేటందుకు రుసుము పెట్టారు. సగంమంది మొహం చాటేశారు. పాత స్నేహితులే ఫోన్లు ఎత్తడం మానేశారు. అదీ తీసేశారు.

అప్పుడు ఈయనకే ఒక ఆలోచన వచ్చింది. చచ్చిన ఫ్యానుకి ప్రాణం వస్తే, ఆ సంతోషంలో దాని మనిషి గూటికి ఒకరోజు అద్దె కట్టాలి. ఆ రోజంతా పేజీ నెత్తిన ఆ ఫ్యాను బొమ్మ ఉంటుంది, 'ఈ రోజు గూటిని తిప్పుతున్నది ఫలానావారి ఫ్యాను' అని. అడగడానికీ ఇవ్వడానికీ మొహమాటం లేదు. పిల్లాడికి ఉద్యోగం వస్తే మిఠాయి పంచినట్టే. జనం ఎగబడి ఒక్కోరోజు మోశారు. ఎవరూ మోయని రోజు మాత్రం మా బూడిదరంగు ఫ్యాను తిరిగేది. అంటే ఆ రోజు అద్దె మా ఆయన కట్టినట్టు.

నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమేగాని చదువంటూ పెద్దగా లేదు. ఆ బొమ్మ చూస్తే చాలు. పొద్దున్నే అమ్మాయి ఫోనులో బూడిదరంగు కనపడితే, ఆ రోజు కూరలసంచి తేలిగ్గా వస్తుందని నాకు తెలిసిపోయేది. దానికి తగ్గట్టు పులుసు పలచన చేసేదాన్ని. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నావంక చూసేవారు. నేను ఆయనవంక చూసేదాన్ని. ఇద్దరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు.

ఉన్నట్టుండి నిద్రపట్టనివాళ్ళు వచ్చిపడ్డారు. చలిదేశాల్లో ఉంటారట కొందరు, ఫ్యాను వేసుకుంటే గడ్డకట్టుకుపోతారు, అయినా చిన్నప్పటి ఫ్యాను చప్పుడు లేనిదే కన్ను మూతపడదు. వాళ్ళకి గాలి వద్దు, చప్పుడు కావాలి. మా గూట్లో చప్పుళ్ళు పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టారు. ఒకరు చెప్పి ఒకరు, వేలకివేలు. ఫ్యాన్లు ఎవరిదగ్గరా లేవు కనక రోజులు మోసేవాళ్ళు కాదు. పైగా ఫిర్యాదులు. "ముందు మాట్లాడే ఆ పెద్దమనిషి ఎవరండీ? కన్ను మూతపడే వేళకి బేరింగులూ గ్రీజులూ అంటాడు" అని.

ఆ రోజు ఈయన భోజనం దగ్గర తనంతట తాను నోరు విప్పారు. "నా మాటలకి జనం నిద్రలేస్తున్నారట తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది, నేనెప్పుడైనా విన్నానా" అన్నాను.

ఆయన "ఊఁ" అని, ఇంకాస్త మజ్జిగ పోయించుకున్నారు.

బూడిదరంగు ఫ్యాను తిరిగే రోజులు ఎక్కువైపోయాయి.

చలికాలంలో ఆయనకి జ్వరం వచ్చింది. ముదిరి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో ముక్కూ నోరూ కలిపి మాస్కు పెట్టేశారు. అడిగినదానికి ఆ ఊఁ కూడా లేకుండాపోయింది. "నొప్పిగా ఉందా అండీ?" అంటే, దుప్పటిమీద ఉన్న చూపుడువేలు మెల్లిగా లేపి గుండ్రంగా తిప్పారు. నడుస్తోంది, ఫరవాలేదు. ఆ మర్నాడు వేలు లేవలేదు.

దాని తర్వాత సంగతులు నాకు వరసగా గుర్తులేవు. ఇంటినిండా మనుషులు, ఎవరో నాచేత పాలు తాగించడం, వసారాలో పరాయివాళ్ళ ఫ్యాన్లు విప్పినవి విప్పినట్టే ఉండడం. అందరూ వెళ్ళిపోయాక ఒకరోజు అమ్మాయి గూట్లో ఈ కబురు రాయడానికి కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటూ ఎక్కడ నొక్కిందో, ఆయన గొంతు వినపడింది.

"నమస్కారం. ఇది ఒక టైలరుగారి ఫ్యాను. అటకమీద చాలాకాలం పడుకుంది, ఇవాళ లేచింది. లేవగానే దగ్గింది. దుమ్ము దులిపితే సర్దుకుంది. ముసలాళ్ళందరికీ ఉండేదే..."

నేను వంటింట్లోంచి చేతిలో గరిటెతో వచ్చేశాను. అమ్మాయి ఆపబోయింది. "ఉండనీ" అన్నాను.

అలా మాట్లాడుతూనే ఉన్నారు. తొందరలేకుండా, మధ్యలో ఒక చతురు వేసి, వినేవాళ్ళు నవ్వడానికి కాస్త వ్యవధి ఇచ్చి. నాతో ఏనాడూ అన్ని మాటలు వరసగా ఆడలేదు. మూసిన తలుపు వెనక ఇన్నాళ్ళూ ఇదా జరిగింది అనుకున్నాను. అసూయ పడదామంటే అవతల ఉన్నది ఫ్యాను.

అమ్మాయి తన పాతఫోను నాకు ఇచ్చి, ఎలా నొక్కాలో నేర్పింది. రోజుకొకటే వినేదాన్ని. మధ్యాహ్నం గిన్నెలు తోముకుని, వంటింటి గడపలో కూర్చుని, ఒక్క ఫ్యాను. మాటలు అయిపోయి రెక్క తిరగడం మొదలవగానే ఆపేసేదాన్ని. రెండోది వినాలని ప్రాణం లాగినా ఫోను బియ్యం డబ్బామీద పెట్టేసేదాన్ని. అయిపోతాయేమోనని భయం. ఒకదాంట్లో నామాట కూడా వచ్చింది. "దీని బుష్షులో పోసింది మా ఇంటావిడ కుట్టుమిషను నూనె. అడక్కుండా తీశాను. ఆవిడకి తెలుసు. తెలిసీ సీసా మళ్ళీ అక్కడే పెట్టింది." నిజమే. తగ్గుతుంటే చూసి, నిండుసీసా కొని మళ్ళీ అదేచోట పెట్టాను. ఆయన గమనించారని నాకు తెలియదు.

అయితే అద్దె ఆగదుగా. రోజులు మోసేవాళ్ళు తగ్గారు, వినేవాళ్ళు తగ్గలేదు. అమ్మాయి తన జీతంలోంచి కడుతూ వచ్చింది. ఒకరోజు నాముందు కూర్చుని, "అమ్మా, నావల్ల కావట్లేదు. సైటు మూసేస్తే ఏమవుతుంది చెప్పు. ఫ్యాన్లేగా" అంది.

"మూస్తే ఆయన గొంతు ఉంటుందా?"

"నాన్న ఫోనులో చోటు లేదని ఎక్కించినవి ఎక్కించినట్టు చెరిపేసేవాడు. ఉన్నవన్నీ అక్కడే."

"అయితే మూయొద్దు."

"మరి అద్దె?"

"బూడిదరంగు ఫ్యాను రోజులు ఇక నావి" అన్నాను.

వీధిలో వాళ్ళ బట్టలకి జిప్పులు వేసి, ప్యాంట్లు పొట్టిచేసి, దిండు గలీబులు కుట్టి కట్టేదాన్ని. కళ్ళు లాగేవి. అమ్మాయి ఊరికే ఉంటుందా, షాపునుంచి అద్దాలు తెచ్చిపెట్టింది. మాస్టారికి ఈ సంగతి ఎలాగో తెలిసింది, అమ్మాయే చెప్పి ఉంటుంది. ఫోన్ చేసి, "చెల్లెమ్మా, ఆయన గూటికి నువ్వు కళ్ళు పోగొట్టుకుని అద్దె కట్టడం మాకు తలవంపులు. కాస్త ఓపికపట్టు, ఏదో ఒకటి చేస్తాం" అన్నారు. నేను ఎందుకు కడుతున్నానో ఆయనకి చెప్పలేదు. గూటిమీద మమకారం అనుకున్నారు. మొగుడి గొంతు వినడానికని ఇంకో మగమనిషికి ఎలా చెప్తాను.

ఆ తర్వాత మా ఆడపడుచుకి కంట్లో శుక్లం ఆపరేషను అయింది. రెండువారాలు సాయం ఉండడానికి వెళ్ళాను. అక్కడ ఫోను బయటికి తియ్యలేదు. ఆమె ముందు అన్నయ్య గొంతు పెడితే ఏడుస్తుంది, కన్ను తడవకూడదని డాక్టరు చెప్పాడు. కట్టు కట్టిన కన్నుతోనే ఆమె నోరు మాత్రం ఊరుకుంటుందా. "మా అన్నయ్య ఉన్నన్నాళ్ళూ ఫ్యాను తిప్పాడు వదినా, పోయాక నీచేత కుట్టుమిషను తిప్పిస్తున్నాడు" అంది.

"తిప్పించుకోనీ" అన్నాను.

కంటికట్టు సర్దుకుని, "నాకూ వినిపిస్తావా? కన్ను బాగయ్యాక" అని అడిగింది.

"నిన్ను తిట్టిన ఫ్యాను కూడా ఒకటుంది, అదే పెడతాను" అన్నాను. చాలారోజులకి ఇద్దరం నవ్వాం.

అక్కడ ఉండగానే మాస్టారు ఫోన్ చేశారు. గొంతునిండా సంబరం. "చెల్లెమ్మా, ఇక మిషను కట్టిపెట్టెయ్. నిద్రపట్టనివాళ్ళు ఒప్పుకున్నారు. నెలనెలా చందా కడతారు. గూటికి ఇక దిగుల్లేదు" అన్నారు. దేవుడి పటానికి మొక్కినట్టు ఫోనుకే దణ్ణం పెట్టాను.

ఇంటికి వచ్చి, ఇల్లు ఊడ్చి, స్నానం చేసి, మధ్యాహ్నం గడపలో కూర్చున్నాను. టైలరుగారి ఫ్యాను నొక్కాను. మొదట విన్నది అదే కనక మళ్ళీ దానితో మొదలుపెడదామని.

ఫ్యాను తిరిగింది.

సరిగా నొక్కలేదేమో అనుకుని మళ్ళీ నొక్కాను. నమస్కారం లేదు. అటక లేదు, దగ్గు లేదు. నొక్కగానే ఫ్యాను. ఇంకోటి నొక్కాను. ఫ్యాను. కుట్టుమిషను నూనె ఫ్యాను వెతుక్కుని నొక్కాను. అదీ అంతే. రోజుకొకటి అని పెట్టుకున్న నియమం ఆ పూట గంగలో కలిసింది. వరసగా అన్నీ నొక్కుతూ పోయాను. ఇల్లంతా ఫ్యాన్ల చప్పుడు, మనిషి లేడు.

సాయంత్రం అమ్మాయి వచ్చేసరికి నేను ఇంకా గడపలోనే ఉన్నాను. తను విని, చూసి, మాస్టారికి ఫోన్ కలిపింది.

"మాటలేవి మాస్టారూ?"

"తీసేశాం తల్లీ. అదేగా వాళ్ళ షరతు. మాటలుంటే నిద్ర చెడుతుందన్నారు. నేనూ కుయ్యో కూర్చుని ఒక్కొక్కటీ శుభ్రంచేశాం. వారంరోజులు పట్టింది. పాతవి బరువెక్కువని ఉంచలేదు. అమ్మ ఏమంది, సంతోషించిందా?"

అమ్మాయి తిట్టబోయింది. నేను అరచెయ్యి అడ్డంగా పెట్టాను. కానీ అది ప్రెస్సు పిల్ల కాదు, కళ్ళద్దాల షాపు పిల్ల. ఆగలేదు. "మా అమ్మ రోజూ వినేది ఫ్యాన్లనా, మాస్టారూ?" అనేసింది.

అవతల ఫోను పెట్టేశారు.

మర్నాడు మొదటి బస్సుకే మాస్టారు వచ్చారు. నేను ఆయన్ని చూడడం అదే మొదలు. బక్కపల్చని మనిషి, చేతిలో గొడుగు. కూర్చోమంటే కూర్చోలేదు. అద్దె పుచ్చుకునే కంపెనీవాళ్ళని అడిగారట, చెరిపేసినవి వాళ్ళదగ్గర ఉండవట. ఫ్యాన్లవాళ్ళని ఒక్కొక్కరినీ లేపి అడిగారట, ఎవరూ దాచుకోలేదు, కావాలంటే గూట్లోనే ఉన్నాయి కదా అనుకున్నారట.

"ఎలా చేశానో నాకే తెలియడంలేదు చెల్లెమ్మా" అన్నారు. "ఆయన గొంతు నాకు కొత్తా? వారంరోజులూ చెవుల్లో పెట్టుకుని వింటూనే కత్తిరించాను. ఎక్కడ మాట ఆగుతుంది, ఎక్కడ ఫ్యాను మొదలవుతుంది అని చూసుకున్నానేగాని... ఫ్యాను ఒక్క చుట్టు కూడా తెగకూడదని జాగ్రత్తపడ్డాను. చివర కూడా ముట్టుకోలేదు. రెక్క ఆగేదాకా అలాగే ఉంచాను. అది తీస్తే ఆయన ఊరుకోడు అనుకున్నాను."

గొడుగు కిందపడింది. తీసుకోవడానికి వంగి, ఆ మనిషి అలాగే వంగి ఉండిపోయారు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. మా ఆయన ఉంటే ఈయన వీపుమీద చెయ్యి వేసేవారేమో. "లేవండన్నయ్యగారూ, ఎండెక్కింది, అన్నం తినివెళ్ళండి" అన్నాను. గూడు బతకాలనే కదా చేశారు. మా ఆయన ఉండి ఉన్నా, ఫ్యాన్లకోసం తన మాటలు తనే కత్తిరించుకుని ఉండేవారు. అది నాకు తెలుసు. తెలిసినందువల్ల గుండె తేలికపడిందని మాత్రం అనలేను.

మాస్టారు వెళ్ళాక చాలారోజులు ఫోను బియ్యం డబ్బామీదే ఉండిపోయింది. కుట్టుపని కూడా లేదు, అద్దె అవసరం తీరిపోయింది. మధ్యాహ్నాలు ఎటు చూసినా ఖాళీ. ఒకరోజు మాస్టారు అన్నమాట గుర్తొచ్చింది, చివర ముట్టుకోలేదని. మాట ముందే ఉంటుందికాని చివరేముంటుంది అనుకుంటూనే ఫోను తీశాను.

చివరలు వినడం మొదలుపెట్టాను. స్విచ్ టక్కుమంటుంది. రెక్క నెమ్మదిస్తుంది. నిలబడుతుంది. ఆ తర్వాత ఏమీ లేదు. అన్నీ అంతే, తలుపు మూసి చేసినవాయె. కొన్నింట్లో మటుకు ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నట్టు అనిపించేది. అది నా ఊపిరేనేమో కూడా.

చివరికి బూడిదరంగు ఫ్యాను మిగిలింది. అదే మొదటిది, తలుపు మూసుకునే నియమం రాకముందు చేసింది. ముందు పోయింది ఎలాగూ పోయింది. ఫ్యాను చాలాసేపు తిరిగింది, అది కూడా విన్నాను. టక్కుమంది. రెక్క తగ్గుతోంది. దూరంగా గిన్నెమీద మూత పెట్టిన చప్పుడు. రెక్క ఇంకా తగ్గింది. అప్పుడు ఎవరో ఆడమనిషి, నాకంటే చిన్నది, గొంతులో కాస్త విసుగుంది, "ఏమండీ, వడ్డించనా?" అంది.

రెక్క ఒక చుట్టు తిరిగింది.

"ఊఁ" అన్నారు.

ఆకలి ఊఁ అది. లోపల సంతోషం కూడా ఉంది, అప్పుడు నేను పోల్చుకోలేదు. టైలరుగారికీ కుయ్యోకీ లోకంలో వాళ్ళందరికీ చెప్పినవన్నీ పోయాయి. నాతో అన్నది ఒక్కటి మిగిలింది.

మాస్టారికి ఫోన్ చేశాను. "నిద్రపోయేవాళ్ళు అన్ని రోజులూ మోసేస్తున్నారు కదా, మా ఫ్యాను ఇక పైకి రావడంలేదు. నెలకొకరోజు ఎవరికీ ఇవ్వకండి మాస్టారూ. ఆ రోజు అద్దె నేను కట్టుకుంటాను" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. "అలాగేనమ్మా" అన్నారు.

మళ్ళీ జిప్పులు వేస్తున్నాను. ఆ రోజు పేజీ నెత్తిన సొట్టపోయిన జాలీతో మా ఫ్యాను తిరుగుతుంది. ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని పెట్టుకుని పడుకుంటారు. మా ఆడపడుచు కూడా పెట్టుకుంటుంది, కన్ను బాగైంది. చివరిదాకా విన్నావా అని అడిగితే, "ఎక్కడ వదినా, మధ్యలోనే నిద్రపట్టేసింది" అంటుంది. అందరికీ అంతే. రెక్క ఆగే వేళకి వేలమందిలో ఒక్కరూ మేలుకుని ఉండరు.